పాత ల్యాప్‌టాప్‌లో ప్లేస్టేషన్: ఆడటం వేరు, రికార్డు చేయడం వేరు

హాస్టల్ గదిలో ప్లేస్టేషన్ 4 ఉంటుంది, టీవీ ఉండదు. అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో ముగ్గురు కలిసి ఉండే గదిలో టీవీకి చోటెక్కడిది? ఉన్నదల్లా ఎప్పుడో ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో కొన్న ల్యాప్‌టాప్. దాని పక్కన హెచ్‌డీఎంఐ పోర్టు కనిపిస్తుంది. ప్లేస్టేషన్ వెనకా అలాంటి పోర్టే ఉంటుంది. కేబుల్ రెండు వైపులా చక్కగా కూర్చుంటుంది. తెర మీద మాత్రం ఏమీ రాదు.

కేబుల్ పాడైందేమోనని మార్చి చూస్తారు, సెట్టింగ్ ఎక్కడో ఉండే ఉంటుందని గంటసేపు వెతుకుతారు. నిజానికి ఏదీ పాడవలేదు. ల్యాప్‌టాప్‌కు ఉండే హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే. లోపలికి తీసుకునే సర్క్యూట్ దాని వెనక లేదు. రెండు కుళాయిల మూతులు కలిపి పైపు బిగిస్తే నీళ్లు ఎటు పోతాయి? ఇదీ అంతే. ఏలియన్‌వేర్ పాత మోడళ్లు కొన్నింటికి, కొన్ని ఆల్ ఇన్ వన్ కంప్యూటర్లకు ‘హెచ్‌డీఎంఐ ఇన్’ అని విడిగా ఒక పోర్టు ఉండేది. మామూలు ల్యాప్‌టాప్‌లో అది ఉందని ఆశపడక్కర్లేదు.

అప్పుడు చూపు బయటి బొమ్మను కంప్యూటర్ లోపలికి తెచ్చే క్యాప్చర్ కార్డు మీదికి మళ్లుతుంది. ఒకవైపు హెచ్‌డీఎంఐ, మరోవైపు యూఎస్‌బీ ఉన్న చిన్న డాంగిల్ వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. తగిలిస్తే బొమ్మ కూడా వస్తుంది. కాసేపు ఆడాక తేడా తెలుస్తుంది: క్రికెట్ ఆటలో బటన్ నొక్కిన తర్వాత ఎప్పటికో గానీ బ్యాట్ లేవదు. ల్యాప్‌టాప్ పాతదైపోయింది, ర్యామ్ వేయించాలి అన్న సలహాలు ఇక్కడే మొదలవుతాయి. ర్యామ్‌కు, ఈ జాప్యానికి దాదాపుగా సంబంధం లేదు. అసలు చిక్కు రెండు వేర్వేరు పనులను ఒకటే అనుకోవడంలో ఉంది. కన్సోల్ బొమ్మను చూస్తూ ఆడటం ఒక పని, ఆ బొమ్మను భద్రపరచడం మరో పని. పాత కంప్యూటర్ మంచి రికార్డర్ కాగలదు. మంచి టీవీ కావడం దాని వల్ల కాదు. ఎందుకో తెలియాలంటే కొంచెం లెక్క వేయాలి.

పైపు ఎంత, నీళ్లెంత

కన్సోల్ పంపే 1080పి బొమ్మలో ఒక్కో ఫ్రేముకు 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలు. క్యాప్చర్ పరికరాల్లో ఎక్కువగా వాడే రంగుల పద్ధతిలో ఒక్కో చుక్కకు 2 బైట్లు పడతాయి. సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 249 మెగాబైట్లు. ఇది కుదించని, పచ్చి వీడియో.

యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. నిజంగా వాడకంలో చేతికొచ్చేది 35 నుంచి 40. అంటే వచ్చే సరుకు, పట్టే సందుకు ఆరేడు రెట్లు. 720పి, సెకనుకు 30 ఫ్రేములకు దిగినా 55 మెగాబైట్లు కావాలి. అదీ పట్టదు. ఏ ప్రాసెసర్ ఉన్నా, ఎంత ర్యామ్ ఉన్నా ఈ లెక్క మారదు.

చవక డాంగిల్ దీనికి ఒక ఉపాయం చేస్తుంది. ప్రతి ఫ్రేమునూ ఒక ఫొటోలాగా జేపెగ్ చేసి పంపుతుంది. దీన్నే మోషన్ జేపెగ్ అంటారు. ఈ డాంగిల్స్‌లో విరివిగా కనిపించే చిప్ ఎంఎస్2109. ఇది 1080పి అయితే సెకనుకు 30 ఫ్రేములు, 720పి అయితే 60 ఫ్రేములు జేపెగ్ రూపంలో ఇస్తుంది. పచ్చి వీడియోనే కావాలని పట్టుబడితే 1080పిలో సెకనుకు 5 ఫ్రేములే వస్తాయి. ఓబీఎస్ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘బొమ్మ స్లైడ్ షో లాగా వస్తోంది’ అని తల పట్టుకునేవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే. వీడియో ఫార్మాట్ అన్న చోట ఎంజేపెగ్ ఎంచుకుంటే సమస్య తీరిపోతుంది. రెండు క్లిక్కుల పని.

అట్టపెట్టె మీద ‘4కె’ అని పెద్ద అక్షరాలుంటాయి. అది డాంగిల్ లోపలికి తీసుకోగల బొమ్మ సంగతి. కంప్యూటర్‌కు చేరేది 1080పినే. ఇంకో మోసం రంగుది. యూఎస్‌బీ 3.0కు నీలం ప్లాస్టిక్ గుర్తు కాబట్టి లోపల 2.0 పెట్టి పైన నీలం ముక్క అతికించి అమ్మేవి బోలెడు. రంగు చూడొద్దు, పిన్నులు చూడాలి. ప్లగ్గు లోపలికి టార్చి వేసి చూస్తే ముందు వరుసలో నాలుగు రేకులుంటాయి, నిజమైన 3.0 అయితే వాటి వెనక ఇంకో అయిదు ఉంటాయి. ఆ అయిదు లేకపోతే అది 2.0, ఎంత నీలంగా ఉన్నా.

అసలైన 3.0 క్యాప్చర్ కార్డు కొన్నా, దాన్ని పెట్టే పోర్టు కంప్యూటర్‌లో ఉండాలి కదా. ఇంటెల్ తన చిప్‌సెట్‌లోనే యూఎస్‌బీ 3.0 ఇవ్వడం మొదలుపెట్టింది 2012లో. అంతకు ముందు ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి విడి చిప్‌తో ఒక 3.0 పోర్టు ఇచ్చేవారు, చాలావాటికి అదీ లేదు. పక్కన ఎక్స్‌ప్రెస్ కార్డు సందు ఉంటే అందులో పెట్టే 3.0 కార్డు దొరుకుతుంది. పాత ల్యాప్‌టాప్‌లలో ఆ సందు వెనక ఉండే దారి సెకనుకు 250 మెగాబైట్లు. మనకు కావాల్సింది 249. చూడ్డానికి సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది గానీ, ఆ 250లోనే ప్యాకెట్ల పైఖర్చు కూడా పోవాలి. అందువల్ల 1080పి 60 ఫ్రేములు పచ్చిగా రావు. 720పి 60 ఫ్రేములకు 111 మెగాబైట్లు చాలు కాబట్టి అది హాయిగా వస్తుంది. పాత డెస్క్‌టాప్ వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ సందు ఖాళీగా ఉంటే తక్కువ ఖర్చులో 3.0 కార్డు బిగించుకోవచ్చు.

జాప్యం ఎక్కడ పుడుతుంది

బొమ్మ వచ్చిందా లేదా అన్నది పైపు లెక్క. ఆలస్యంగా ఎందుకు వచ్చింది అన్నది వేరే లెక్క, ఆడేవాడికి ముఖ్యమైంది ఇదే.

సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. డాంగిల్ ఫ్రేము మొత్తం అందేదాకా ఆగి, జేపెగ్ చేసి యూఎస్‌బీ మీద తోస్తుంది. విండోస్ డ్రైవర్ దాన్ని అందుకుని వరుసలో పెడుతుంది. ఓబీఎస్ తన వంతు రాగానే తీసి, జేపెగ్ విప్పి, తన కాన్వాస్ మీద పరుస్తుంది. అక్కణ్నుంచి విండోస్ డెస్క్‌టాప్ అన్ని కిటికీలనూ కలిపి ఒక బొమ్మ చేయడానికి మళ్లీ ఒక విడత ఆగుతుంది. చివరికి ల్యాప్‌టాప్ తెర వెలుగుతుంది. ఎక్కడా ఎవరూ బద్ధకించలేదు, అయినా ప్రతిచోటా ఒక ఫ్రేము నిలబడింది. అయిదు చోట్ల ఒక్కో ఫ్రేము ఆగితే 165 మిల్లీసెకన్లు. సెకనులో ఆరో వంతు. సర్వీస్ ఆటో ప్రతి స్టాపులో ఒక్క మనిషి కోసం ఆగినట్టు.

ఈ లెక్కలో ప్రాసెసర్ వేగం ఎక్కడుంది? జేపెగ్ విప్పే ఒక్క దశలో. అందుకే కొత్త ల్యాప్‌టాప్‌కు అదే డాంగిల్ తగిలించినా జాప్యం పెద్దగా తగ్గదు. ర్యామ్ సలహా ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఈ ఆలస్యం అన్ని ఆటలకూ ఒకేలా తగలదు. ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్ ఆట, చదరంగం, మాటలు చదువుతూ మెల్లగా సాగే కథల ఆట అయితే తెలియను కూడా తెలియదు. క్రికెట్‌లో టైమింగ్ మొత్తం పోతుంది. ఫైటింగ్ గేముల్లో సెకనుకు 60 ఫ్రేములలో ఏ ఫ్రేములో అడ్డుకున్నామన్నదే ఆట, కాబట్టి వాటి సంగతి చెప్పక్కర్లేదు. రేసింగ్ విచిత్రంగా ఉంటుంది. మొదట్లో ప్రతి మలుపులో గోడకు గుద్దుకుంటారు, గంట గడిచాక చెయ్యి ముందే తిప్పడం అలవాటైపోతుంది. ఆ తర్వాత స్నేహితుడి ఇంట్లో మామూలు టీవీ మీద ఆడితే మళ్లీ గోడే.

తగ్గించుకునే మార్గాలు కొన్ని ఉన్నాయి. డాంగిల్‌ను 1080పి 30 నుంచి 720పి 60కి మారిస్తే ఒక్కో ఆగుదలా 33 నుంచి దాదాపు 17 మిల్లీసెకన్లకు పడిపోతుంది. బొమ్మ కొంచెం మొద్దుబారుతుంది, చెయ్యి మాత్రం చురుగ్గా ఉంటుంది. 1366 × 768 తెర ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆ మొద్దుతనం ఎలాగూ కనిపించదు కాబట్టి ఇది దాదాపు ఉచిత లాభం. ఓబీఎస్‌లో వీడియో క్యాప్చర్ డివైస్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి బఫరింగ్ ‘డిసేబుల్’ చేయాలి. వీఎల్‌సీ ప్లేయర్‌లో చూసేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది: క్యాప్చర్ పరికరాలకు అది సహజంగానే 300 మిల్లీసెకన్ల నిల్వ పెట్టుకుంటుంది. ఆ క్యాషింగ్ అంకెను తగ్గించకుండా వీఎల్‌సీలో ఆడటమంటే కావాలని కాళ్లకు బరువు కట్టుకోవడమే.

జాప్యం ఎంతో ఊహించనక్కర్లేదు, కొలవొచ్చు. స్ప్లిటర్‌తో అదే బొమ్మను టీవీకి, ల్యాప్‌టాప్‌కు ఒకేసారి పంపి, రెండు తెరలూ ఒకే చట్రంలో పడేలా ఫోన్‌లో స్లో మోషన్ తీయాలి. సెకనుకు 240 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. టీవీలో మెరుపు కనిపించాక ల్యాప్‌టాప్‌లో కనిపించేదాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టి గుణిస్తే సరి. టీవీకి కూడా సొంత ఆలస్యం ఉంటుంది, అది గేమ్ మోడ్‌లో ఉంటే ఈ కొలత మరింత నమ్మదగ్గది.

ఆ స్ప్లిటరే అసలు పరిష్కారం కూడా. టీవీ ఉన్న ఇంట్లో కన్సోల్ నుంచి వచ్చే తీగను రెండుగా చీల్చి, ఒకటి టీవీకి, రెండోది క్యాప్చర్ డాంగిల్‌కు ఇవ్వాలి. టీవీ చూస్తూ ఆడాలి. కంప్యూటర్ రెండు సెకన్లు వెనకబడినా ఎవరికీ నష్టం లేదు, రికార్డింగులో అది కనిపించదు. ఖరీదైన కార్డుల్లో ఈ స్ప్లిటర్ లోపలే ఉంటుంది. దాన్నే పాస్‌త్రూ అంటారు.

ఆడటమే కావాలంటే

టీవీ లేనివాళ్ల మాటేమిటి? వాళ్లకు కావాల్సింది కంప్యూటర్ కాదు, తెర. ల్యాప్‌టాప్ తెరను విడదీయలేం గానీ, పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు మానిటర్‌ను నేరుగా కన్సోల్‌కే తగిలించుకోవచ్చు. వీజీఏ ఒక్కటే ఉన్న మానిటర్ అయినా హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే చిన్న కన్వర్టర్ చాలు. ఇందులో బొమ్మను కుదించడం, విప్పడం లేవు కాబట్టి జాప్యం లెక్కలోకి రాదు. మానిటర్‌కు స్పీకర్లు లేవన్నది మరో అడ్డంకి. కన్వర్టర్‌కు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్నది చూసి కొనొచ్చు. ప్లేస్టేషన్ 4 అయితే అదీ అక్కర్లేదు, ఇయర్‌ఫోన్స్‌ను కంట్రోలర్‌కే గుచ్చి, సెట్టింగ్స్‌లో మొత్తం శబ్దం హెడ్‌ఫోన్స్‌కు వచ్చేలా పెట్టుకోవచ్చు. చతురస్రానికి దగ్గరగా ఉండే 1280 × 1024 మానిటర్లలో బొమ్మ నిలువుగా సాగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో 1440 × 900 మానిటర్ దొరికితే ఈ పనికి బాగా నప్పుతుంది.

ల్యాప్‌టాప్ ఒక్కటే దిక్కయినవాళ్లకు డాంగిల్ కన్నా ప్లేస్టేషన్‌కు సోనీ ఇచ్చే రిమోట్ ప్లే మేలు. దీనికి హెచ్‌డీఎంఐతో పనే లేదు. కన్సోల్ తన లోపలి హార్డ్‌వేర్‌తో బొమ్మను హెచ్.264 అనే వీడియో పద్ధతిలో కుదించి నెట్‌వర్క్ మీద పంపుతుంది, ల్యాప్‌టాప్ దాన్ని విప్పి చూపిస్తుంది. ఇక్కడ పాత కంప్యూటర్లకు కలిసొచ్చే విషయం ఒకటుంది. హెచ్.264 వీడియో తయారు చేయడం వాటికి కష్టం, విప్పడం తేలిక. సినిమాలు చూడటం కోసం ఆ విప్పే సర్క్యూట్‌ను 2010కి అటూ ఇటూ వచ్చిన గ్రాఫిక్స్ చిప్పుల్లో చాలావాటికి పెట్టేశారు. రిమోట్ ప్లే 2016 ఏప్రిల్‌లో విండోస్‌కు వచ్చినప్పుడు సోనీ అడిగింది కోర్ ఐ5-560ఎం ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్. ఆ ప్రాసెసర్ 2010 నాటిది. తర్వాత అధికారిక యాప్ అడిగే స్థాయి పెరిగింది. పాత మెషీన్లలో లినక్స్ వేసుకునేవాళ్లకు చియాకి అనే ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయం ఉంది.

రిమోట్ ప్లేకు సోనీ కనీసం 5 మెగాబిట్లు, మెరుగ్గా ఉండాలంటే 15 మెగాబిట్లు ఉండాలంటుంది. కన్సోల్, ల్యాప్‌టాప్ ఒకే గదిలో ఉంటే ఇంటర్నెట్ ప్లాన్ వేగంతో సంబంధం లేదు, రౌటర్ వరకే ప్రయాణం. చిక్కల్లా పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైతో. హాస్టల్‌లో పక్క గదులవాళ్ల రౌటర్లన్నీ అక్కడే అరుస్తుంటాయి. కనీసం కన్సోల్‌నైనా లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపాలి, రెండింటినీ కలిపితే ఇంకా మంచిది. వంద రూపాయల కేబుల్ ఇక్కడ చేసే మేలు వేల రూపాయల అప్‌గ్రేడ్ చేయదు.

రికార్డింగ్‌కు వస్తే

చిన్న చిన్న క్లిప్పులే కావాలంటే అసలు కంప్యూటరే వద్దు. ప్లేస్టేషన్ 4లో షేర్ బటన్ చివరి 15 నిమిషాల ఆటను దాచిపెడుతుంది, సెట్టింగ్ మారిస్తే 60 నిమిషాల దాకా. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవచ్చు. నింటెండో స్విచ్‌లో చాలా ఆటలకు 30 సెకన్ల క్లిప్పు వస్తుంది. స్విచ్ లైట్‌కైతే బొమ్మ బయటికి పంపే దారే లేదు, దాని కోసం క్యాప్చర్ కార్డు కొని లాభం లేదు.

గంటల తరబడి రికార్డు చేయాలనుకుంటే పాత కంప్యూటర్‌కు అసలు పరీక్ష మొదలవుతుంది. డాంగిల్ నుంచి జేపెగ్ విప్పాలి, అదే సమయంలో దాన్ని మళ్లీ హెచ్.264గా కుదించాలి. రెండో తరం ఇంటెల్ కోర్ నుంచి, అంటే 2011 నుంచి, ఆ కుదించే పనికి క్విక్ సింక్ అనే విడి సర్క్యూట్ వచ్చింది. ఐ5-2410ఎం లాంటి నాలుగంకెల పేరులో గీత తర్వాత వచ్చే మొదటి అంకె తరాన్ని చెబుతుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్పుల్లో 2012 నాటి కెప్లర్ తరం నుంచి అలాంటిదే ఎన్వెంక్ ఉంది. కోర్ 2 డ్యూయోకు ఇవేవీ లేవు, అంతా ప్రాసెసరే మోయాలి. అలాంటప్పుడు ఓబీఎస్‌లో కాన్వాస్‌ను 1280 × 720, 30 ఫ్రేములకు దించి, ప్రాసెసర్‌తోనే కుదించే ఎక్స్264 ప్రీసెట్‌ను ‘అల్ట్రాఫాస్ట్’కు మార్చుకోవాలి. ఫైలు సైజు పెరుగుతుంది, ఫ్రేములు మాత్రం జారిపోవు. విండోస్ 7 మీదే ఉన్నవాళ్లకు పనిచేసే చివరి ఓబీఎస్ 27.2.4, 2022లో వచ్చిన 28 నుంచి విండోస్ 10 తప్పనిసరి.

ఇంతకంటే తెలివైన దారి ఒకటుంది, ఎందుకో ఎవరూ పెద్దగా చెప్పుకోరు. డాంగిల్ ఎలాగూ జేపెగ్ చేసే పంపుతోంది కదా, దాన్ని విప్పి మళ్లీ కుదించడం దేనికి? ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాధనంలో ‘కాపీ’ అన్న ఒక్క ఆదేశంతో వచ్చిన ఫ్రేములను వచ్చినట్టే డిస్కులోకి రాయించవచ్చు. ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది. మూల్యం డిస్కు చెల్లిస్తుంది: సెకనుకు 15 మెగాబైట్లు అనుకుంటే గంటకు 54 జీబీ. రాత్రికి దాన్ని హెచ్.264లోకి మార్చుకుని, అసలు ఫైలు తుడిచేయవచ్చు. పాత కంప్యూటర్‌కు వేగం తక్కువ గానీ ఓపిక ఎక్కువ. పొద్దున లేచేసరికి పని అయిపోయి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కన్నేసి ఉంచాల్సినవి ఇంకో రకం పరికరాలు. 2008 నాటి హాపాగ్ హెచ్‌డీ పీవీఆర్, 2012 నాటి ఎల్గాటో గేమ్ క్యాప్చర్ హెచ్‌డీ వంటివి. ఇవి హెచ్.264 కుదింపు మొత్తం తమలోనే చేసి, చిన్నదైపోయిన వీడియోను యూఎస్‌బీ 2.0 మీద పంపుతాయి. కంప్యూటర్‌కు మిగిలే పని ఫైలు రాసుకోవడమే. కంప్యూటర్ తెర మీద బొమ్మ సెకన్ల ఆలస్యంతో వస్తుంది, కాబట్టి వీటితో ఆడబోతే నరకం. రికార్డింగుకు మాత్రం ముసలి కంప్యూటర్‌కు వీటిని మించిన తోడు లేదు. ఆడటానికి అన్నింటికన్నా చెడ్డదే రికార్డు చేయడానికి అన్నింటికన్నా మంచిది కావడం చూస్తే, ఈ రెండూ ఎంత వేరు పనులో తెలుస్తుంది.

రికార్డింగ్ ఫైలును ఎంకేవీ రూపంలో ఉంచుకోవాలి. మామూలు ఎంపీ4 ఫైలు తన విషయసూచికను చివర్లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే ఆ సూచిక లేక ఫైలు మొత్తం తెరుచుకోదు. ఎంకేవీ అయితే పోయేదాకా రికార్డయింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ చేస్తే, అంటే వీడియోను మళ్లీ కుదించకుండా ఫైలు రూపం మాత్రం మారిస్తే, ఎంపీ4 అవుతుంది. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌తో వేసవిలో రికార్డు చేసేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. ఎక్స్‌టర్నల్ డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దగ్గర ఫైలు ఆగిపోతుందన్నదీ ముందే చూసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా నల్ల తెరే వస్తుంటే అది హెచ్‌డీసీపీ పని. సినిమాలను కాపీ కొట్టకుండా హెచ్‌డీఎంఐలో పెట్టిన తాళం ఇది. ప్లేస్టేషన్ 4, 5లలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు. ఆపినంతసేపూ ఓటీటీ యాప్‌లు మొరాయిస్తాయి. ప్లేస్టేషన్ 4 మొదట్లో ఈ వెసులుబాటు లేదు, 2014 ఏప్రిల్ అప్‌డేట్‌తో వచ్చింది. ప్లేస్టేషన్ 3కి ఎప్పటికీ రాలేదు. అందుకే అప్పట్లో దాన్ని రికార్డు చేసేవాళ్లంతా హెచ్‌డీఎంఐ వదిలేసి ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నుల కాంపోనెంట్ కేబుల్ వాడారు.

పాతకు పాత జోడీ

ఇంతవరకూ చెప్పిన లెక్కలన్నీ ఒక్కచోట తలకిందులవుతాయి. కన్సోల్ కూడా పాతదైతే, పాత కంప్యూటర్ ఒక్కసారిగా సరిజోడు అయిపోతుంది.

మన దేశంలో టీవీ పద్ధతి పాల్. 720 × 576 చుక్కలు, సెకనుకు 25 పూర్తి ఫ్రేములు. పచ్చిగా పంపినా సెకనుకు 21 మెగాబైట్లు దాటదు. యూఎస్‌బీ 2.0లో సుఖంగా పడుతుంది, జేపెగ్ అవసరమే లేదు. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులున్న ఈజీక్యాప్ డాంగిల్స్ ఇన్నేళ్లుగా నడుస్తున్నది ఈ లెక్క మీదే. వాటితో వచ్చే మినీ సీడీలోని డ్రైవర్ ఈనాటి విండోస్‌లో ఎక్కకపోవచ్చు. ఆ డాంగిల్స్‌లో తరచుగా ఉండే చిప్పులు కొన్నింటికి లినక్స్ కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది కాబట్టి, అక్కడ తగిలించగానే పనిచేస్తాయి.

ఇంకా వెనక్కి వెళ్తే టీవీ ట్యూనర్ కార్డులు. 2000 తర్వాత తొలి ఏళ్లలో కొన్ని ఇళ్లలో డెస్క్‌టాప్ మానిటరే టీవీ; కేబుల్ వైరును సీపీయూ వెనక గుచ్చేవాళ్లు. ఆ కార్డుల్లో ఎక్కువగా ఉండే బీటీ878 చిప్‌కు ఒక విద్య తెలుసు. బొమ్మను ప్రాసెసర్ చేతికివ్వకుండా పీసీఐ దారిలో నేరుగా గ్రాఫిక్స్ కార్డు మెమరీలో రాసేసేది. దీన్ని ఓవర్లే అనేవారు. పైన లెక్కపెట్టిన ఆగుదలల్లో చాలావరకు ఇందులో లేవు. కొత్త విండోస్‌లలో ఈ దారి మూసుకుపోయింది. విండోస్ ఎక్స్‌పీతో మూలన పడి ఉన్న డెస్క్‌టాప్‌లో మాత్రం ప్లేస్టేషన్ 2 ఆడితే, చేతికి తెలిసే జాప్యం దాదాపు ఉండదు. అంటే ఈ ఒక్క విషయంలో పదేళ్ల ల్యాప్‌టాప్ కన్నా ఇరవై ఏళ్ల డెస్క్‌టాప్ మెరుగు. తొంభైల నాటి క్యాసెట్ వీడియో గేములు కొన్ని యాంటెన్నా వైరు ద్వారా ఛానల్‌గా వచ్చేవి. వాటిని పట్టుకునే ట్యూనర్ కూడా ఈ కార్డులోనే ఉంది.

ఆ క్యాసెట్ గేములు, తొలి ప్లేస్టేషన్ ఆటల్లో చాలావరకు టీవీని ఒక చిన్న మోసం చేస్తాయి. పాల్ బొమ్మలో సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి రావాలి. ఇవి ఎప్పుడూ ఒకే గీతల మీద, సెకనుకు 50 పూర్తి బొమ్మలు గీస్తాయి. క్యాప్చర్ డాంగిల్‌కు ఆ సంగతి తెలియదు. వరుసగా వచ్చిన రెండు బొమ్మలను సరి, బేసి అనుకుని ఒకదాంట్లో ఒకటి అల్లేస్తుంది. కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా కనిపించేది అందుకే. దెబ్బ తిన్న హీరో మినుకుమినుకుమని మెరవాల్సిన చోట, సగం బొమ్మలు పారేసే సెట్టింగ్ ఉంటే, పూర్తిగా మాయమవుతాడు లేదా అసలు మెరవడు. ఓబీఎస్‌లో సోర్స్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే, ఈ అల్లికను విప్పే డీఇంటర్‌లేసింగ్ జాబితాలో ఇలాంటి ఆటలకు ‘రెట్రో’, ప్లేస్టేషన్ 2లో ఎక్కువ ఆటలకు ‘యాడిఫ్ 2ఎక్స్’ సరిపోతాయి. కాన్వాస్ వేగం 50 పాల్‌కు పెట్టాలి. 60 పెడితే ప్రతి అయిదు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు కనిపించి, కదలిక కుంటుతుంది.

ఇంత శ్రమ ఎవరి కోసం అనిపించవచ్చు. ప్లేస్టేషన్ 2కు 2009లో ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆట వచ్చింది. తయారు చేసింది హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్. మొత్తంగా భారత్‌లోనే తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా దాన్ని పరిచయం చేశారు. ఆట గొప్పదా కాదా అన్నది వేరే చర్చ. ఆ డిస్కు ఇంట్లో ఉండి, కన్సోల్ లేజర్ ఇంకా చదువుతుంటే, దాన్ని రికార్డు చేయడానికి కావాల్సింది పసుపు పిన్ను, ఈజీక్యాప్, మూలనున్న కంప్యూటర్. పాల్ ఎంచుకుని, 50 ఫ్రేములు పెట్టి, ఎంకేవీలో దాచుకోవాలి. చివరికి ఒక్కటి సరిచూసుకోవాలి: 4:3లో నడిచే ఆటైతే 720 × 576గా వచ్చిన బొమ్మను 768 × 576గా చూపించాలి. అది చూడకుండా తెర నిండాలని 16:9కి లాగితే బాల హనుమంతుడు కాస్తా భీముడై కూర్చుంటాడు.